తమ్ముడి రక్తం

"నర్సుని చేసుకుంటానన్నప్పుడే వద్దన్నాను!" అని బాబూరావు అరిచిన అరుపుకి రేపల్లెలో ఆ వీధి వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది.

తమ్ముడు వినయ్ కుమార్ పొద్దున సొమ్మసిల్లి, తేరుకుని మంచం మీద పడి ఉన్నాడు. రెండు నెలలుగా ఇదే వరస. ఉన్నట్టుండి చెమటలు పట్టి, కళ్లు తేలేసి పడిపోతున్నాడు. షుగర్ జబ్బు లేని మనిషికి రక్తంలో చక్కెర అడుగంటిపోతోంది.

తెనాలి డాక్టరుగారు కడుపులో గడ్డేమోనని అనుమానించారు.

"ఒంట్లో ఇన్సులిన్ పుడితే, దాంతోపాటే సి-పెప్టైడ్ అనే ముక్క కూడా పుడుతుందండి. రెండూ ఎక్కువుంటే గడ్డ. ఇన్సులిన్ ఒక్కటే ఎక్కువుంటే మాత్రం, ఎవరో సూదేస్తున్నట్టే."

పడిపోయిన వేళకే తియ్యాలట రక్తం. మొన్న పడిపోగానే భార్య జెన్నిఫరే తీసింది. మొగుణ్ణి వదిలి కదల్లేక, రక్తం సీసా ఉన్న డబ్బా బావగారి చేతికిచ్చింది. తమ్ముడంటే బాబూరావుకి ప్రాణం. బస్సులో ఒళ్లో పెట్టుకుని మరీ తెనాలి చేర్చాడు.

ఇవాళ రిపోర్టు వచ్చింది. ఇన్సులిన్ బోలెడు. సి-పెప్టైడ్ లేనట్టే. ఆ ఇంట్లో సూది పట్టడం వచ్చిన చెయ్యి ఒక్కటే.

"ప్రభువు సాక్షి బావగారూ, నాకేం తెలీదు. ఇంకొక్కసారి రక్తం తీయించండి," జెన్నిఫర్ కాళ్ల మీద పడింది.

"ఎందుకు? ఈసారి మనిషినే లేకుండా చేద్దామనా?"

వినయ్ గోడవైపు తిరిగి పడుకున్నాడు. జెన్నిఫర్‌కి గుండె అక్కడే పగిలింది.

బాపట్ల పుట్టింటికి పోతూ గేటు దగ్గర ఆగింది. "తెల్లారుజామున పడిపోతారండీ. పంచదార నీళ్లు పక్కనే పెట్టుకోండి."

"నువ్వు లేకపోతే ఎందుకు పడతాడు?" అని తలుపేశాడు బాబూరావు.

ఆ వారంలోనే ఓ తెల్లారుజామున వినయ్ పడిపోయాడు. పక్కన పంచదార నీళ్లు లేవు. మళ్లీ లేవలేదు.

జెన్నిఫరే చంపిందని బాబూరావు పోలీసులకి చెప్పాడు. పట్టుబట్టి పోస్టుమార్టం చేయించాడు. శనగగింజంత గడ్డ బయటపడింది.

తెనాలి డాక్టరుగారు తల పట్టుకున్నారు. "గడ్డ ఉంటే ఆ ముక్క ఎక్కువగా కనపడాలి కదండీ! ఇన్సులిన్ నిలిచినా, అది వేడికి చెడిపోయి ఉంటుంది. అందుకే ఐసులో పెట్టి పంపమన్నాను. మీ మరదలు ఐసు పెట్టలేదా?"

బాబూరావు కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"పెట్టి ఉండదండి. ఆ అమ్మాయికి అంత శ్రద్ధెక్కడిదండి."

జెన్నిఫర్ డబ్బా నిండా పెట్టిన ఐసుని, తెనాలిలో ఉన్న తన కూతురికని కొన్న పండుగప్ప చేప తెనాలి చేరేలోపు పాడైపోతుందని దాని సంచిలోకి ఒంపుకున్నది బాబూరావే.