తప్పు ప్రశ్నలది

"మూడు మాటలు చెబుతాను నాన్నా. కాసేపయ్యాక మళ్లీ అడుగుతాను. గొడుగు, తాళం, ఏరు."

ఆమె ప్రశ్నల పుస్తకం అట్టను వెనక్కి మడిచి పట్టుకుంది. ఆయన ఏదో అంటారని ఎదురుచూసినట్టు ఒక్క క్షణం ఆగింది. ఆయన పుస్తకాన్ని కొత్తదాన్ని చూసినట్టు చూశారు.

సొంతవాళ్లకు ఈ మతిమరుపు పరీక్ష పెట్టకూడదు. కానీ ఆమె పనిచేసే ఆసుపత్రిలో ఇంకెవరు అడిగినా ఆయన కూర్చోరు. ముప్పైకి ఇరవై నాలుగు దాటితే వయసుతో వచ్చిన మతిమరుపు. దాటకపోతే జబ్బు. గుమ్మంలో అన్నయ్య గోళ్లు కొరుక్కుంటున్నాడు.

"ఈ బొమ్మ ఏంటి నాన్నా?"

ఆయన కళ్లజోడు సర్దుకుని త్రాసు బొమ్మను చూశారు. "ఇదిప్పుడు ఏ కొట్లో ఉందమ్మా? అన్నీ మిషన్లేగా. పాతికేళ్ల నాటి బొమ్మ చూపించి ఈ కాలం వాళ్లకి మతి ఉందో లేదో తేలుస్తారా?"

అన్నయ్య నవ్వాడు. కాలేజీలో ముప్పై ఏళ్లు సైకాలజీ చెప్పిన మనిషిని మాటల్లో గెలవడం ఎవరి తరం?

"ఇవాళ తారీఖెంత?"

"రిటైరైనవాడికి తారీఖుతో పనేంటి? ఎవరో ఉద్యోగస్తుడు రాసిన ప్రశ్న ఇది."

"పోనీ, వందలోంచి ఏడు తీసేస్తూ రండి."

"లెక్కలు రానివాడికి మతి లేదంటావా? పరాయి దేశపు పరీక్షని తెచ్చి మనవాళ్ల నెత్తిన రుద్దారు."

అడ్డంగా దొరికిపోతున్నది ప్రశ్నలే కాని ఆయన కాదు.

"ఇందాక చెప్పిన మూడు మాటలు?"

ఆయన కిటికీ వైపు చూశారు. "ఒకదానికొకటి పొంతన లేదమ్మా. అలాంటివి ఎవరికి గుర్తుంటాయి?"

ఆమె చివరి గడిలో సున్నా వేసింది. మార్కులు కూడుకుని గుమ్మం దగ్గరికి వచ్చింది. "పదిహేడు" అంది మెల్లగా.

"మార్కులేంటే? తప్పంతా ప్రశ్నలదైతే!" అన్నాడు అన్నయ్య. ప్రాణం లేచొచ్చినట్టుంది అతని మొహం. "నాన్న ఎలా ఏకిపారేశారో విన్నావుగా. బుర్ర పాదరసం. వేరే పరీక్ష ఏదైనా చూసి పెట్టు."

ఆమెకు ఏడుపు ఆగడం లేదు.

"ఇంతకీ దీన్ని మన భాషలోకి మార్చినవాడెవడమ్మా?" కుర్చీలోంచి తండ్రి అడిగారు. "నా దగ్గర చదివుంటే వాణ్ని పాస్ చేసేవాణ్ని కాదు."

ఆమె మడిచిన అట్ట విప్పి, పుస్తకాన్ని అన్నయ్య చేతిలో పెట్టింది.

అనువాదకుడిగా అట్ట మీద ఉన్నది నాన్న పేరే.