వంటింటి గట్టు

నడుంనొప్పని, నిలబడి పనిచేసుకోడానికి భర్త కొనుక్కున్న, ఎత్తు మార్చుకునే స్టాండింగ్ డెస్కు ఆయన ఛాతీ దాకా లేచి ఉంది. దాని మీద భార్య ఉల్లిపాయలు తరుగుతోంది.

“ఆఫీసు బల్ల మీద ఉల్లిపాయలేంటే?” లబోదిబోమన్నాడు.

“నాకూ నడుముంది కదండీ. వంటింటి గట్టు దగ్గర వంగి వంగి విరిగిపోతోంది.”

“మా అమ్మ ముప్పై ఏళ్లు అక్కడే వండింది. ఏనాడైనా నడుం నొప్పందా?”

“గట్టు అత్తయ్య ఎత్తుకి కట్టించిందేగా. నేను ఆవిడకన్నా జానెడు పొడుగు.”

ఆయన విసవిసా వంటింట్లోకి వెళ్లి గట్టు ముందు నిలబడ్డాడు. వంగాల్సిన పనే లేదు. ఎంతైనా అమ్మ పోలికే, ఎత్తుతో సహా.

“చూశావా?” అన్నాడు గెలిచినట్టు.

“చూశాను. మీకు అతికినట్టు సరిపోయింది,” అంటూ ఆవిడ కత్తి, మిగిలిన ఉల్లిపాయలు తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఆయన గట్టునీ, తలెత్తి భార్యనీ చూశాడు.

“సన్నగా తరగాలా?”