బాతుల కోసం అడిగిన అన్నం

బుడమేరు పొంగి కొల్లేరు లంకలు నీట మునిగిన ఏడాది.

భీమడోలు చర్చివాళ్ళు రేవు దగ్గర పొయ్యి పెట్టారు. వంట చేసేది సంఘపెద్ద విశ్వాసం. ఎండు మామిడి ముక్కలు వేసి ఆయన పప్పు వండితే ఆ వాసన వీధి చివరికి తెలిసేది.

పొట్లానికో బైబిలు వాక్యం కాగితం చుట్టి, పడవలో లంకకు తీసుకెళ్ళి, అందరినీ నిలబెట్టి ప్రార్థన చేసి పంచబోయేవాడు.

లంకలో వాళ్ళు హిందువులు. ప్రార్థనకు తల వంచి తింటే తమ దేవుడికి దూరమవుతామేమోనని బెదురు. "ఇప్పుడే తిన్నామండీ" అని చేతులు జోడించేవారు.

వాళ్ళు ఒక్కసారి తన చేతి అన్నం తింటే చాలనుకున్నాడు విశ్వాసం. పొట్లాలు కట్టినవి కట్టినట్టే తిరిగొచ్చేవి.

రేవులో సూరిబాబని ఒకడు బేసిను పట్టుకుని కాచుకునేవాడు. నుదుట కుంకుమ బొట్టు, మోకాలిదాకా బురద. ఏ ఊరివాడో.

"మిగిలింది ఇప్పించండి. బాతులకండి."

విశ్వాసం భార్య ప్రభావతి నవ్వింది. "పోనీలెండి. బాతులన్నా మారుమనసు పొందుతాయి."

ఆ మాట విశ్వాసానికి ములుకులా దిగింది. అయినా మిగిలిన పొట్లాలు బేసినులో వేసేవాడు.

అంతకు మించిన మంట ఇంకోటి. సూరిబాబు దోనె కనబడితే చాలు, లంక ఆడవాళ్ళు గిన్నెలతో నీళ్ళలోకి దిగి మరీ ఎదురొచ్చేవారు. తన పడవకు చేతులు జోడించిన వాళ్ళే.

ఏ గుడి ప్రసాదమో తెచ్చి వాళ్ళకు పెడుతున్నాడు, నా అన్నం బాతుల పాలు చేస్తున్నాడు అనుకున్నాడు విశ్వాసం.

ఒక మధ్యాహ్నం సూరిబాబు చూస్తుండగానే పొట్లాలన్నీ విప్పి నీళ్ళలో కుమ్మరించాడు.

"మీ బాతులు తిరిగేది ఇక్కడేగా. ఏరుకు తింటాయిలే."

సూరిబాబు తేలిపోతున్న మెతుకుల్ని కాసేపు చూశాడు. ఖాళీ బేసిను చంకన పెట్టుకుని వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున్నే లంక నుంచి మంగ అనే ఆవిడ దోనె వేసుకుని వచ్చింది.

"నిన్న అన్నం రాలేదండీ. పిల్లలు మీ పప్పే అడుగుతున్నారు."

"నా పప్పా?"

"సూరిబాబు తెచ్చేవాడు కదండీ. విశ్వాసంగారి చేతివంట, ఏ మెలికా లేదు, తినండని మీ పేరు చెప్పే వడ్డించేవాడు. కాగితాలు మాత్రం తీసేసి తెచ్చేవాడు లెండి. అందరికీ పెట్టాక మిగిలితే తనో ముద్ద తినేవాడు."

"అతనేడి?"

"రాత్రే గణపవరం చేపల చెరువుల పనికి పోయాడండీ. ఇక్కడ ఇంకేవుంది గనక."

ఆ పూట విశ్వాసం కాగితాలు చర్చిలోనే ఉంచేశాడు. ప్రార్థన పొయ్యి దగ్గరే, పెదవి కదలకుండా చేసుకున్నాడు. పప్పన్నం కలిపి బేసినుకెత్తి, మంగ దోనెలో పెట్టి, తానూ ఎక్కాడు.

దోనె కదిలాక అడిగాడు. "మరి ఆయన బాతుల్ని ఎవరు చూస్తున్నారు?"

మంగ గెడ వేస్తూ వింతగా చూసింది.

"ఇంకెక్కడి బాతులండీ, వరదొచ్చిన మొదటి రోజే కొట్టుకుపోయాయిగా."