నడిమి నక్షత్రంలో నల్ల ముక్క

వీధి కుళాయికి వచ్చే నీళ్లు కట్టెయ్యాలి. దాని వెనక, చెమ్మకు ఉబ్బిన పాత పెంకుల గోడను ఊడదీయాలి. కొత్త పింగాణీ పెంకులను రంగుకో గంపగా వేరుచెయ్యాలి. వాటిని నేలమీద బోర్లా పరిచి, వెనక గచ్చు పోసి, ఆరాక పలకను ఎత్తి నిలబెట్టాలి. అదీ శుక్రవారం నమాజుకు జనం వచ్చేలోగా.

ఎత్తడం తప్ప అన్నీ బతూల్ ఒక్కతే చేసింది. ఇక ఎత్తడానికి మనుషులొచ్చారు. వాళ్ల వెనకే ఫెజ్ ఊళ్లోని ఆ తోళ్ల వీధి మొత్తం వచ్చింది.

పాత గోడ పనితనం ఆమె గురువు, పెద్దమేస్త్రి మాలెం బూష్తాది. అందులో ఒక్క ముక్కయినా తప్పు లేదని ఆయన పుదీనా టీ తాగిన ప్రతిసారీ చెబుతాడు. కొత్తది అచ్చం తన గోడలా ఉండాలన్నాడు. ఉంటే బతూల్‌ను మాలెమా, అంటే పెద్దమేస్త్రి, అని పిలుస్తాడు, మసీదు గోడ పని ఆమెకిస్తాడు. ముక్క తేడా వస్తే ఆ పని మేనల్లుడు జిలాలికి పోతుంది. ఆ వీధిలో ఏ ఆడదాన్నీ ఇంతవరకు మాలెమా అనలేదు.

"రొట్టెల పిండి కలిపిన చెయ్యి మామయ్యా, గచ్చు బాగానే కలిపుంటుందిలే" అన్నాడు జిలాలి.

"ఆ రొట్టెలు తినేగా నువ్వింత పెరిగావు" అంది బతూల్.

పలక లేచింది. తడిగుడ్డతో తుడిచేసరికి నీలం, తెలుపు, తేనెరంగు, ఆకుపచ్చ, అంచుల నలుపు ఒక్కసారిగా వెలిగాయి. ఎవరో మెల్లగా మాషా అల్లా అన్నారు. మాలెం మెడ నిటారయింది.

జిలాలి మాత్రం వేలు చాపాడు. నడిమి నక్షత్రం కొసలన్నీ ఆకుపచ్చ. ఒక్కటి నలుపు.

బోర్లా పరిచేటప్పుడు కనిపించేది మట్టి వీపులే. చెయ్యి పక్క గంపలోకి పోయినా పలక లేచేదాకా తెలియదు. ఆడవాళ్లు బుగ్గలు నొక్కుకున్నారు.

"తప్పు గంపలో చెయ్యి పెట్టావా తల్లీ?" అన్నాడు మాలెం.

"నల్ల ముక్కల గంపలోంచే తీశాను మాలెం గారూ." ఆమె తల వంచలేదు.

జిలాలి ఆ ముక్కను పెకలించడానికి ఉలి అందుకున్నాడు. అక్కడ పెట్టడానికి పాత గోడ ముక్కలు దాచిన గంపలోంచి ఒక ఆకుపచ్చ కొస తెమ్మన్నాడు మాలెం. బతూల్ కదల్లేదు. ఆ గంప ఇప్పుడొద్దని, జనం వెళ్లాక చూద్దామని బతిమాలింది. ముసలాయనకు కోపమొచ్చింది. తానే వెళ్లి గంపమీది గుడ్డ లాగేశాడు.

లోపల పాత నడిమి నక్షత్రం, గచ్చుతో సహా చెక్కుచెదరకుండా ఉంది. ఆయన దానిమీది దుమ్మును చొక్కా చేతితో తుడిచాడు. కొసలన్నీ ఆకుపచ్చ. ఒక్కటి నలుపు. అదే చోట.

మాలెం ఆ నల్ల కొసను వేలితో తడిమి చూశాడు. తరవాత లేచి, జిలాలి చేతిలోని ఉలి తీసి బతూల్ చేతిలో పెట్టాడు.

"నా గోడలా ఉండాలన్నాను" అన్నాడు, వీధి చివరిదాకా వినబడేలా. "నాకే తెలియని నా తప్పుతో సహా దించింది మా మాలెమా."

మీరెప్పుడైనా ఆ కుళాయి కింద దోసిలి పడితే నల్ల ముక్కను చూసి నవ్వకండి. దాన్ని పీకనివ్వని మాలెం బూష్తాను ఒక్కసారి తలుచుకోండి.