ఎనభై రెండు కేజీలు

ఒక్క నిమిషం ఆగండి. చేతిలో టీ గ్లాసుంటే కింద పెట్టండి. ఈ అన్నదమ్ముల సంగతి విని అప్పుడు వెళుదురుగాని.

నర్సీపట్నం కాలేజీ గ్రౌండ్. పొద్దున్న ఐదున్నర. దేవుళ్లు నాలుగో రౌండ్‌లో ఉన్నాడు. నడుస్తున్నాడనడం దండగ. ఒంటిని ఈడ్చుకొస్తున్నాడు. చొక్కా వీపుకి అతుక్కుపోయింది. నోరు తెరుచుకునే ఉంది.

సిమెంటు బెంచీ మీద అతని అన్నయ్య జగదీశ్వరరావు కూర్చున్నాడు. ఇస్త్రీ చేసిన ఫుల్ చేతుల చొక్కా. చేతిలో ఫోను, ఫోన్‌లో స్టాప్‌వాచ్. తమ్ముణ్ని చూస్తుంటే ఆయనకి ఒళ్లు మండిపోతోంది. నలభై ఆరేళ్లకే ఆ పొట్టేమిటి? ఆ రొప్పడమేమిటి? మనిషా, యూరియా బస్తానా?

“ఏట్రా ఆ నడక? కడుపుతో ఉన్న గేదె నయంరా. బేగి నడు!”

“నడుస్తన్నాను గదన్నయ్యా.”

“దీన్ని నడకంటారేటి? దొర్లడం అంటారు.”

వాకింగ్‌కి వచ్చినవాళ్లు నవ్వారు. దేవుళ్లు కూడా నవ్వాడు. అదే జగదీశ్వరరావుకి పరమ అసహ్యం. తిట్టినా నవ్వేవాడికి సిగ్గెలా వస్తుంది?

సంగతేమిటంటే, దేవుళ్లుకి ఆపరేషన్ చెయ్యాలి. తొంభై ఒక్క కేజీల మనిషికి కత్తి పెట్టనని వైజాగ్ డాక్టరు ఖరాఖండీగా చెప్పేశాడు. పదహారో తేదీకల్లా ఎనభై రెండుకి దిగాలి. దిగితేనే ఆపరేషన్. ఆలస్యమైతే ప్రాణానికే ముప్పని కూడా చెప్పాడు.

దాంతో జగదీశ్వరరావే రంగంలోకి దిగాడు. రోలుగుంటలో తమ్ముడి చెరుకు తోట కౌలుకి ఇప్పించి, వాణ్నీ మరదల్నీ తెచ్చి తన ఇంట్లోనే పెట్టుకున్నాడు. మూడు నెలలుగా ఇదే వరస.

గ్రౌండ్ గేటు బయట నూకరత్నం టిఫిన్ బండి. పునుగులు నూనెలో తేలుతున్నాయి. దేవుళ్లు కాళ్లు వాటంతటవే ఆగాయి.

“ఒక్క పునుగు తింటే ఏటయిపోద్ది బాబూ? పాపం, మొకం ఎలా పీక్కుపోనాదో సూడండి,” అంది నూకరత్నం.

“పీక్కుపోయినా తిండిబోతు మొకం తిండిబోతు మొకమే,” అన్నాడు జగదీశ్వరరావు. “ఒరే, గుటకలేస్తన్నావేట్రా? కారెక్కు. మళ్లీ అటు సూశావంటే కళ్లకి గంతలు కట్టి తీసుకొస్తాను.”

దేవుళ్లు తల వంచుకుని కారెక్కాడు.

నియమమంటే జగదీశ్వరరావుదే, ఆ మాట వీధిలో అందరూ ఒప్పుకుంటారు. ఉప్పు ముట్టడు. పచ్చడి ముట్టడు. ఎవరైనా కొబ్బరిబోండం కొట్టించి ఇచ్చినా చెయ్యి అడ్డం పెడతాడు. మంచినీళ్లు కూడా సీసాతో కొలుచుకుని తాగుతాడు. మంగళ, శుక్రవారాలు వైజాగ్ వెళ్తాడు. ఎంత అలిసిపోయి వచ్చినా ముందు తమ్ముడి కంచం తనిఖీ చేశాకే మంచమెక్కుతాడు.

ఆ శుక్రవారం కంచంలో రెండు పుల్కాలు, ఉడకబెట్టిన బీరకాయ. పుల్కా ఎత్తి చూస్తే కింద ఆవకాయ ముక్క.

“అమ్మా లక్ష్మీ, ఇదేటిది?”

అప్పలలక్ష్మి వంటింటి గుమ్మంలోంచే చెప్పింది. “సప్పిడి కూడు లోపలికి దిగట్లేదంటన్నారండి, బావగారండి. ఒక్క ముక్కే గదాని...”

“దిగకపోతే మానెయ్యమను. ఇన్నాళ్లు మేసింది సాల్లేదేటి?”

ముక్క తీసి కిటికీలోంచి విసిరేశాడు.

“అరక్కట్టిన ఎద్దుని కూడా ఇన్నేసి మాటలనరండి,” అంది అప్పలలక్ష్మి.

“నువ్వూరుకోయే,” అన్నాడు దేవుళ్లు, పుల్కా తుంచుకుంటూ.

చూశారా, పెళ్లాం వెనకేసుకొచ్చినా రోషం లేదు!

ఆదివారం తూకం రోజు. జగదీశ్వరరావు ఎరువుల కొట్లో బస్తాలు తూచే కాటా ఉంది. ప్రతి వారం దేవుళ్లు దాని మీదే ఎక్కాలి. అదీ ఎరువులకొచ్చిన రైతులందరి ముందూ. ఇంట్లో తూస్తే వీడికి బుద్ధి రాదని అన్నగారి సిద్ధాంతం.

దేవుళ్లు చొక్కా విప్పి ఎక్కాడు. అంకెలు కాసేపు ఊగిసలాడి ఎనభై మూడున్నర దగ్గర ఆగాయి.

“ఇంకా కేజీన్నరా! నాలుగు రోజులే ఉన్నాదిరా! దొంగతిండి తింటన్నావు కదూ?”

“నిన్న మద్దేనం నుంచి మజ్జిగ తప్ప ఏటీ ముట్టలేదన్నయ్యా.”

“మరి ఈ కొవ్వంతా గాలికొచ్చిందేట్రా? నీకు తగ్గాలనే లేదు. కత్తంటే బయ్యం. తగ్గకపోతే ఆపరేషన్ తప్పిపోద్దని నీ ఎత్తు. పిరికి సచ్చినోడా!”

రైతులు ఎవరి కాళ్లు వాళ్లు చూసుకున్నారు. జగదీశ్వరరావు రొప్పుతూ కుర్చీలో కూలబడ్డాడు.

దేవుళ్లు కాటా దిగాడు. నిదానంగా చొక్కా తొడుక్కున్నాడు. ఈసారి నవ్వలేదు.

“బయ్యమేనన్నయ్యా. నిద్దర కూడా పట్టట్లేదు. అయినా పదారుకి దిగీతాను. నువ్వు బెంగెట్టుకోకు.”

“బెంగా? నీలాటోడి మీద ఆశెట్టుకోవడమే నా బుద్ధితక్కువ. పో, అవతలికి పో!”

దేవుళ్లు చెప్పులేసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఒక్కడే గ్రౌండ్ వైపు బయల్దేరాడు.

ఇప్పుడు చెప్పండి, ఆ అన్నయ్యకి రెండు కిడ్నీలూ పాడైపోయి, పదహారో తేదీన తీసి ఆయనకి పెట్టాల్సిన కిడ్నీ మీదే అయితే, మీరు ఆ ఎండలో నడుస్తారా?