తెల్లజెండా వెడల్పు

“వదినా, నీ జెండా ఇంత సన్నగా ఉందేంటి?” అన్నాడు ఫుల్క్రాన్. పీపాలు చేసుకునేవాడు, నిన్ననే రాజుగారి దండులో చేరాడు.

జెండాకన్నా ఎక్కువగా ఓనొరీన్ మొహం తెల్లబోయింది. యూరప్ రాజులంతా కలిసి చక్రవర్తిని ఓడించారు. ఫ్రాన్సు గద్దె మీదికి పాత రాజవంశం తిరిగొచ్చింది. మధ్యాహ్నానికల్లా ప్రతి కిటికీకీ ఆ వంశపు తెల్లజెండా ఉండాలి, లేదంటే ఇల్లు సోదా. ఆమె మొగుడు చక్రవర్తి సైన్యం నుంచి పారిపోయొచ్చి అటక మీద నక్కి ఉన్నాడు; దొరికితే చక్రవర్తి సిపాయి అనే పట్టుకుపోతారు.

“గుడ్డ చాల్లేదు తమ్ముడూ.”

“విప్లవం నాటి మూడురంగుల జెండాలో ఎరుపూ నీలం కత్తిరించేస్తే ఇంతే మిగులుతుంది. కొలతలు నాకా చెప్తావు?”

అతను తోటివాళ్లను పిలవడానికి వీధిలోకి తిరిగి, ఆగిపోయాడు. ఎదురింటికి, రొట్టెల దుకాణానికి, చర్చి గుమ్మానికి అన్నీ ఇంతే సన్నటి తెల్ల పేలికలు. వీధి చివర తన ఇంటి కిటికీకీ అదే. దండువాళ్లు ఆ చివర నుంచే సోదా చేసుకుంటూ వస్తున్నారు.

“మిగతా రెండు ముక్కలూ ఏం చేశావు వదినా?” అన్నాడు వెనక్కి తిరిగి.

“పొయ్యిలో పెట్టాను.”

“మా ఆవిడ గుడ్డముక్క పారేసే రకం కాదు,” అంటూ ఫుల్క్రాన్ ఇంటివైపు పరుగెత్తాడు.