అప్పులవాళ్ళకు టీ

ముగ్గురు అప్పులవాళ్ళూ ఒకేసారి వెల్డరు ఇంటి గుమ్మంలో తారసపడి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంటావిడ అద్దె బాకీ కోసం పై అంతస్తు నుంచి దిగివచ్చింది. వీధి చివరి కిరాణా కొట్టాయన పాత ఖాతా తేల్చుకుందామని వచ్చాడు. మూడోవాడు పరాయివాడు కాదు, వెల్డరు అక్క మొగుడు. ఇస్త్రీ చొక్కా నలక్కుండా ద్వారబంధానికి ఎడంగా నిలబడ్డాడు.

"అందర్నీ నేనే రమ్మన్నాను. లోపలికొచ్చి కూర్చోండి" అంది వెల్డరు భార్య.

వెనక గదిలో ఉన్న వెల్డరు వంటింటివైపు అడుగేశాడు. అతను పనిచేసే గేట్ల షెడ్డు మూతపడ్డ దగ్గర్నుంచీ తలుపు చప్పుడైతే చాలు, వంటింట్లోకి తప్పుకుని 'ఆయన లేరండీ' అని భార్య చేత చెప్పించడం అలవాటైపోయింది. ఇవాళ ఆమె అతనికి ముందుగా ఒక్క మాటైనా చెప్పలేదు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి, వాళ్ళ ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టింది.

అందరికీ టీలు ఇచ్చి, కుట్టుమిషను ముందున్న స్టూలు లాక్కుని తనూ కూర్చుంది. ఎవరికి ఎంత ఇవ్వాలో కాగితం చూడకుండా చెప్పింది. కొట్టాయన పైసా తేడా లేదన్నట్టు తలూపాడు. తను కుట్టే స్కూలు యూనిఫారాల మీద వచ్చేదాంట్లో మొదట అద్దె, తర్వాత కొట్టు బాకీలో కొంత, మిగిలింది అన్నయ్యగారికి, అన్నీ తీరేదాకా నెలనెలా ఇదే పద్ధతని చెప్పింది. అంతకంటే ఎక్కువిస్తానంటే అబద్ధమవుతుందనీ, అబద్ధాలు చెప్పి చెప్పి తనకే విసుగొచ్చేసిందనీ అంది.

అంతా మాకే పంచిపెడితే మరి మీ ఇల్లెలా గడుస్తుందని ఇంటావిడ అడిగింది.

"దానికీ దారి చూశాను పిన్నిగారూ. పని పోయినవాళ్ళకి ప్రభుత్వం నెలనెలా భత్యం ఇస్తుంది కదా. నిన్న ఆ ఆఫీసుకి వెళ్ళి కనుక్కొచ్చాను. ఈయనకి వస్తుందట. స్వయంగా వెళ్ళి అడగాలి, అంతే."

నలుగురిలో ఆ మాట వినేసరికి వెల్డరుకి తల కొట్టేసినట్టయింది. "ఆ డబ్బు ఇంట్లోకొస్తే నేను ముద్ద ముట్టను" అన్నాడు గోడవైపు చూస్తూ.

బావ ఆ మాట కోసమే కాచుకున్నట్టు అందుకున్నాడు. అలా గడ్డి పెట్టరా అన్నాడు. తమ రెండిళ్ళలోనూ అలా చెయ్యి చాపినవాళ్ళు లేరనీ, రోజూ టంచనుగా ఆఫీసుకి వెళ్ళొచ్చే తనలాంటివాడికి ఇలాంటి బావమరిది ఉన్నాడంటే బయట తలెత్తుకోలేననీ దండకం చదివాడు.

"రేపు నువ్వా వరసలో నిలబడతావు. తెలిసినవాళ్ళెవరో ఒకళ్ళు చూస్తారు. నీ పరువు సరే, నా పరువేం కావాలి?"

ఆమె మొగుడివైపు తిరిగింది.

"షెడ్డులో మీ జీతంలోంచి ఈ భత్యం నిధికని ప్రతి నెలా కోసుకునేవాళ్ళు. అప్పుడు మీరు దానం చేస్తున్నాననుకున్నారా?"

"దానమేంటి, వాళ్ళే కోసేవాళ్ళు."

"ఇచ్చినప్పుడు దానం కానిది, పుచ్చుకునేటప్పుడు అడుక్కోవడం ఎలా అయింది? మనం సిగ్గుపడాల్సిందేమైనా ఉంటే, ఇన్నాళ్ళూ ఈ ముగ్గురికీ మొహం చాటేసినందుకు. ఆ సిగ్గు ఇవాళ్టితో సరి."

కొట్టాయన గ్లాసు కింద పెట్టి, తనకి పరువు సంగతులు తెలీవుగానీ, ఆ భత్యం వచ్చేవాళ్ళ ఖాతాలే తన కొట్లో నికరంగా ఉంటాయనీ, మిగతా పెద్దమనుషులతోనే పేచీ అంతా అనీ చెప్పాడు. ఇంటావిడ నవ్వాపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది.

వెల్డరు తన చేతులకేసి చూసుకున్నాడు. నిప్పురవ్వలు పడి మోచేతుల దాకా చిన్న చిన్న మచ్చలు. ఊళ్ళో ఎన్ని ఇళ్ళకి గేట్లు బిగించాయో ఆ చేతులు. అలాంటి తను వంటింట్లో బియ్యం డబ్బా వెనక నక్కి కూర్చున్న రోజులు గుర్తొచ్చి ఒళ్ళు మండింది. కుర్చీలోంచి లేచాడు. చాలా రోజుల తర్వాత అతని గొంతు షెడ్డులో పలికినట్టే ఖంగుమంది.

"రేపు పొద్దున్నే నేనే వెళ్తాను. వరసలోనే నిలబడతాను. తెలిసినవాళ్ళెవరైనా కనబడితే తప్పుకోను బావా, పలకరిస్తాను."

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. చెప్పేది చెప్పాననీ, తర్వాత మీ ఇష్టమనీ లేచి, టీ సగంలోనే వదిలేసి వెళ్ళిపోయాడు. ఇంటావిడ పోతూ పోతూ, వెనకటి బాకీ నిదానంగా ఇద్దువుగాని, ముందు ఈ నెలది చూడమ్మా అంది. కొట్టాయన ఆ సాయంత్రం కావలసిన సరుకులు చెప్పి పంపమన్నాడు.

వెల్డరు రేపటికి మంచి చొక్కా ఉందేమో చూసుకోవడానికి వెనక గదిలోకి వెళ్ళాడు. అలమర తలుపులు తీస్తూ వేస్తూ ఏదో పాట కూనిరాగం తీస్తున్నాడు. ఆమె ఆ రాగం వింటూ గ్లాసులు ఏరుతోంది. ఇంతలో గుమ్మంలో నీడ కదిలింది. వెళ్ళిపోయిన బావే మళ్ళీ వచ్చాడు.

వెనక గదివైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించాడు.

"చెల్లెమ్మా, మీ వదినకి మాత్రం తెలియనివ్వకు. ఆ ఆఫీసులో నీతో మాట్లాడినాయన్ని కాస్త కనుక్కో, నా భత్యం రెండు నెలలుగా ఎందుకు ఆపేశారో."